నీకెట్ల ఎరుక?

మొన్న షాపుకు రంగు వేయిద్దామని అటక మీది సామాను దించుతుంటే ఒక కట్ట నా కాళ్ళ దగ్గర పడింది. రబ్బరుబ్యాండు పెళుసెక్కి, ముట్టుకోగానే తెగింది. అరవై ఫారాలు. అరవై మంది పత్తి రైతులు చెప్పిన జవాబులు. మూడు రంగుల పెన్నులు. కొన్నిట్లో అక్షరాలు కుడికి వాలాయి, కొన్నిట్లో ఎడమకు. అన్నీ నేను రాసినవే. ఆడవాళ్ళ పేరు మీద ఉన్నవి ఎడమచేత్తో రాశాను.

ఇంతదాకా ఒప్పుకున్నాను కనుక మిగతాది కూడా చెప్పాలి. చెప్పాల్సింది నా సంగతి కాదు, ఆమె సంగతి.

కరీంనగర్‌లో ఒక కాలేజీ ఎదురుగా నాది జిరాక్సు, టైపింగు, బైండింగు షాపు. ఇక్కడ చాలాకాలంగా ఒక పద్ధతి నడుస్తోంది. చదువుకునే పిల్లలు సర్వే ఫారం ఒకటి తెస్తారు, వంద జిరాక్సులు తీయించుకుంటారు, షాపులో బల్ల మీదే కూర్చుని వంద మంది పేర్లు ఊహించుకుని నింపేస్తారు, సాయంత్రానికి బైండింగు చేయించుకుని పోతారు. ఎవరూ తప్పనుకోరు. పెన్నులు నేనే ఇస్తాను. రంగులు మార్చి రాయమని సలహా కూడా నాదే.

ఆమె మొదటిసారి వచ్చి మూడు వందల ఫారాలు తీయించుకుంది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. పెన్సిలు వెనక రబ్బరుతో ఒక్కొక్క కాగితం తిప్పుతూ లెక్కపెట్టింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"రెండు తక్కువున్నయి అన్నా."

"మిషన్ తప్పు జెయ్యదమ్మా. మూడు వందలు కొట్టిన."

"మూడు వందలు నొక్కినవు. వచ్చినయో లేదో నీకెట్ల ఎరుక?"

నేను లెక్కపెట్టాను. రెండు తక్కువే ఉన్నాయి. ఇచ్చాను. బల్ల తుడిచి, పెన్నుల డబ్బా ముందుకు జరిపాను. ఆమె ఆ డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది, ఫారాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకు అనుమానం అప్పుడే మొదలైంది. ఫారాలు తీసుకుని నింపకుండా పోయిన మనిషిని నా ఇరవై ఏళ్ళ వ్యాపారంలో చూడలేదు.

పక్క చాయ్ హోటలు ఖాజాభాయ్‌కి అంతకుముందే అనుమానం ఉంది.

"గామె ఇన్‌కంట్యాక్స్ ఆమె, భాయ్. నిన్న నా హోటల్ల కూసొని టైమెంత అని అడిగింది. చేతికి గడియారం ఉన్నది. నీ షాపుల గోడకు గడియారం కనిపిస్తుంది. మళ్ల నన్నెందుకు అడగాలె?"

"ఎంత చెప్పినవ్?"

"నాలుగున్నర అన్న. రాస్కున్నది భాయ్. నా మాటను బుక్కుల రాస్కున్నది."

ఆ బుక్కు సంగతి తర్వాత నాకే తెలిసింది. పొడుగాటి నోటుబుక్కు, ప్రతి పేజీకి నిలువునా ఒక గీత. గీతకు ఎడమవైపు "చెప్పింది", కుడివైపు "అయింది". చెన్నూరు బస్సు ఎన్ని గంటలకు చేరుతుందని కండక్టరును అడిగి ఎడమవైపు రాసుకునేది, దిగాక కుడివైపు రాసుకునేది. టైలరు ఎప్పుడిస్తానన్నాడు, ఎప్పుడిచ్చాడు. కరెంటు ఎప్పుడొస్తుందన్నారు, ఎప్పుడొచ్చింది. నా పేరు మీద ఒక పూర్తి పేజీ ఉండేది. దాని కుడివైపు చాలా గళ్ళు ఖాళీగా ఉండేవి.

ఆమె తొమ్మిదేళ్ళు ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పింది. అందుకే మేం టీచరమ్మ అనేవాళ్ళం. పాచిక వేస్తే ఆరు పడే అవకాశం ఎంతని పిల్లలకు ఏటా చెప్పీ చెప్పీ, ఒకరోజు అనుమానం వచ్చి స్టాఫు గదిలో కూర్చుని ఆరు వందలసార్లు వేసి చూసిందట. ఆ ఏడాదే ఉద్యోగం మానేసి వేరే ఊళ్ళో పెద్ద యూనివర్సిటీలో చేరింది. క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్స్, అందులోనూ రీసెర్చి చేసే ఎమ్మే. తనకన్నా పదేళ్ళు చిన్న పిల్లల పక్కన కూర్చుని చదివింది.

"గదేం చదువు టీచరమ్మా?" అన్నాను ఒకసారి.

"మొదటేడు పాఠాలు. రెండో ఏడు మొత్తం ఒకటే ప్రశ్న."

"ఒక్క ప్రశ్నకు ఏడాదా? ఏం ప్రశ్న?"

"వచ్చే నెల క్వింటాలు పత్తి ధర ఎంతుంటదని రైతు అనుకుంటడు? గట్ల అనుకున్నదాన్ని బట్టే అమ్ముతడా, ఆపుతడా?"

నేను నవ్వాను. మా చెన్నూరు వైపు రైతులు నవ్వలేదు, తలుపులు వేసుకున్నారు. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. ఎంతకు అమ్ముదామనుకుంటున్నారని ఇంటింటికీ వచ్చి అడుగుతోందంటే ఆమె వెనక ఎవరో సేటు ఉన్నాడు, మనం ఎక్కడికి దిగుతామో కనుక్కుని అక్కడే ఆగుతాడు. ఆలోచిస్తే నాకూ సబబుగానే తోచింది.

నాలుగు రోజులు తిరిగి నాలుగే ఫారాలతో వచ్చి, ఆమె నా బల్ల ముందు నిలబడింది.

"నీది చెన్నూరు దిక్కట గద అన్నా. మాటలు గూడ మస్తు చెప్తవట."

"ఎవలు చెప్పిండ్రు?"

"అందరు. తిట్టుకుంట చెప్పిండ్రు."

బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం ఆమెది. మాటలు నావి. ఆమె ఎవరి మనిషో కనిపెడదామన్న ఆశతోనే ఒప్పుకున్నాను.

ఆ చలికాలం ఆదివారాలన్నీ అలా గడిచాయి. నేను ముందు నడిచి అరుగు మీద కూర్చుని కథ ఎత్తుకునేవాణ్ణి. జనం చేరేవారు. అప్పుడు ఆమె ఫారం తీసేది. ఒక ఊళ్ళో గోదావరి వరద ముచ్చట చెప్పాను. మా ఇంటి తలుపు వరదలో కొట్టుకుపోయి, పదిహేడు రోజులకు గొళ్ళెంతో సహా తిరిగొచ్చి వాకిట్లో ఆగిందని చెప్పాను. అందరూ పకపక నవ్వారు. ఆమె నవ్వలేదు.

"పదిహేడని నీకెట్ల ఎరుక అన్నా?"

"లెక్కపెట్టిన."

"ఇల్లంత మునిగితె క్యాలెండరు ఏడుండె?"

జనం ఈసారి నన్ను చూసి నవ్వారు. అక్కడి నుంచి ఆమెకు తలుపులు తెరుచుకున్నాయి. ఇంత అనుమానం మనిషి ఒకరి తరఫున వచ్చి ఉండదని వాళ్ళకు నమ్మకం కుదిరినట్టుంది. నాకు మాత్రం కుదరలేదు. ఆమె అందర్నీ ఒకటే అడిగేది. జవాబు చెప్పాక మంచినీళ్ళు తాగి, వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడి, మళ్ళీ అదే ప్రశ్న వేరే తీరుగా అడిగేది. రెండూ కలవకపోతే రెండూ రాసుకునేది.

"ఏమో బిడ్డా, ఏడు వేలుంటదేమో," అని ఒక పెద్దమనిషి అంటే, "ఏడు వేలు" అని రాసి, పక్కన "ఏమో" అని కూడా రాసింది.

"గా ఏమో ఎందుకు?" అన్నాను.

"గది గూడ ఆయన చెప్పిందే గద."

ఒకసారి వాళ్ళ బాపు ఖానాపూర్ నుంచి కూతురి కోసం సంచిలో బియ్యం తెచ్చి నా షాపులో కూర్చున్నాడు. వాళ్ళది మెథడిస్టు సంఘం, ఆయన చర్చిలో పెద్ద. చిన్నప్పటి నుంచీ ఈ పిల్ల ఇంతేనా అని అడిగాను. ఆయన తలపట్టుకున్నాడు.

"ఏం చెప్పాలె సారూ. సభకు ఐదు వందల మంది వచ్చిండ్రని పాస్టరయ్య మైకుల చెప్పిండు. గీమె అప్పుడు నాలుగో తరగతి. బయటికి పోయి చెప్పులన్ని లెక్కపెట్టి, సగం జేసి, లోపలికొచ్చి అందరి ముందట నూట నలభయ్యే అన్నది. నాకు తల తీసేసినట్టయింది."

"పాస్టరయ్య ఏమన్నడు?"

"కొందరు చెప్పుల్లేకుంట వచ్చిండ్రన్నడు. గీమె దానికి గూడ ఒప్పుకున్నది. ఎంతమందో చెప్పుమన్నది."

నాలుగు ఊళ్ళు అయ్యాయి. ఐదోది మా మేనత్త ఊరు. అరవై ఇళ్ళు అడగాలి. సరిగ్గా అప్పుడే వాళ్ళ బాపుకు జ్వరమొచ్చిందని ఖానాపూర్ నుంచి కబురొచ్చింది. వారం లోపల అంకెలు కావాలని యూనివర్సిటీలో గైడు సారు పట్టుబట్టాడు. బస్టాండులో ఆమె అరవై ఖాళీ ఫారాలు చేతిలో పట్టుకుని చాలాసేపు నన్ను చూసింది.

"ప్రతి మూడో ఇల్లు. తాళముంటె ఏం జేస్తవ్?"

"తాళం అని రాసి, మళ్ల పోత."

"మళ్ల చెప్పు."

మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకుంది. అప్పుడు కానీ ఇవ్వలేదు. ఇచ్చాక కూడా కాగితాల అంచు కాసేపు వదల్లేదు.

నేను వెళ్ళేసరికి ఊరంతా తాళాలే. గుంపులు గుంపులుగా సమ్మక్క జాతరకు పోయారు. కుక్కలున్నాయి, పంచాయతీ గద్దె ఉంది, సాయంత్రం దాకా బస్సు లేదు. గద్దె మీద కూర్చుని ఒక బీడీ కాల్చాను. ఆ ఊళ్ళో నాకు తెలియని మనిషి లేడు. పిసినారి ఎవరో తెలుసు, తెగించేవాడెవడో తెలుసు, భార్య చెప్పనిదే గింజ కదిలించనివాడెవడో తెలుసు. వాళ్ళు ఇంట్లో ఉంటే నసిగి నసిగి ఏదో ఒకటి చెబుతారు. వాళ్ళకన్నా నేనే సరిగ్గా చెప్పగలను కదా అనిపించింది. షాపులో పిల్లలు ఊహించుకునే పేర్లు కావు ఇవి, బతికున్న మనుషులు. ఇది అబద్ధం కానేకాదని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. సాయంత్రం బస్సు వచ్చేలోగా అరవై నింపాను. ఆ మధ్యాహ్నం నాకు హాయిగా గడిచిందని కూడా చెప్పాలి. ధర పెరుగుతుందనుకునేవాడి చేత పత్తి ఆపించాను, తగ్గుతుందని భయపడేవాడి చేత అమ్మించాను. ఎవరి గుణానికి తగ్గట్టు వాళ్ళకు అంకెలు ఇచ్చాను.

ఆమె ఖానాపూర్ నుంచి వచ్చి ఫారాలు తీసుకుంది. లెక్కపెట్టింది. అరవై ఉన్నాయి.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని షాపుకొచ్చింది. ముఖం చూస్తే బస్సులో పర్సు పోగొట్టుకున్న మనిషిలా ఉంది. తెరిచి ఒక పట్టిక చూపించింది. అంకెల పక్కన మూడు నక్షత్రాలున్నాయి.

"గివేంది?"

"లెక్క గట్టిగున్నదంటె కంప్యూటర్ నక్షత్రం పెడతది. ఒకటుంటె నడుస్తది. రెండుంటె మంచిది. మూడుంటె ఎవలు ఏమనరు. సారు ఫోన్ చేసిండు. గిట్లనే థీసిస్ ఇస్తే పీహెచ్‌డీ సీటు నాకేనట."

"ఇంకేంది మరి, మిఠాయి ఏది?"

"గింత మంచిగ రావద్దన్నా."

ఖాజాభాయ్ చాయ్ తెచ్చి అక్కడే నిలబడ్డాడు. ఆమె ముందు తనను తాను అనుమానించిందట. రెండు రాత్రులు లెక్కలు మళ్ళీ వేసింది. తర్వాత సాఫ్ట్‌వేరును అనుమానించింది, వేరేదాంట్లో వేసింది. మళ్ళీ మూడు నక్షత్రాలే. అప్పుడు ఒక్కో ఊరు తీసేసి చూసింది. నాలుగు ఊళ్ళలో ఏ ఒక్కటి తీసినా నక్షత్రాలు కదల్లేదు. మా మేనత్త ఊరు తీసింది. మూడూ పోయాయి.

అరవై ఫారాలు నా బల్ల మీద పెట్టింది.

"నాలుగు ఊర్లల్ల మనుషులు ఏడు వేలన్నరు, ఏడున్నరన్నరు. గీ ఊర్ల ఒక్కలన్న గట్ల అనలే. ఒకాయన ఏడు వేల నూట ముప్పై. ఒకామె ఏడు వేల రెండు వందల డెబ్బై. నీ తలుపు పదిహేడు రోజులకు వచ్చినట్టున్నది అన్నా."

నేను నోరు తెరవబోయాను.

"ఆగు. గీ ఊర్ల అరవై మందిల ఒక్కరికి గూడ ఏమో అనే మాట రాదా? నాలుగు ఊర్లల్ల ధర పెరుగుతదని చెప్పినోళ్ళే తెల్లారి అమ్ముకున్నరు. ఎందుకమ్మినవంటె ఇంట్ల పత్తి పెట్టి పండ జాగ లేదన్నరు, పిల్లలకు ఒళ్ళంత దురదన్నరు. గీ ఊర్ల మాత్రం ఎవలకు దురద లేదు. అందరు అనుకున్నట్టే చేస్తరు. గిసొంటి మనుషులు ఏడుంటరు?"

ఖాజాభాయ్ నా వైపు చూశాడు. "చెప్పు భాయ్."

నేను చెప్పాను. మా మేనత్త కొడుకు ఇంట్లో దిగి, రెండు రోజులుండి, ఇంటింటికీ తిరిగి, లస్మయ్య పటేలు ఇంట్లో సర్వపిండి కూడా తిన్నానని వర్ణించి చెప్పాను. ఆమె అడ్డురాలేదు. నోటుబుక్కులో నా పేజీ తీసి, ఎడమవైపు మొత్తం రాసుకుంది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వు పోయిన దినం జాతర. లస్మయ్య పటేలు ఇల్లు ఎట్ల తెరిచున్నది?"

నేను పెన్నుల డబ్బా తీసి బల్ల కింద పెట్టాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణి. థీసిస్ ఇవ్వడానికి ఇంకా పదకొండు రోజులున్నాయని మాత్రం చెప్పింది. ఫోన్ తీసి గైడు సారుకు కలిపింది. చెవికి ఆనించుకున్నా ఆయన గొంతు పెద్దది, మాకు వినబడుతూనే ఉంది. సర్వేల్లో ఇవన్నీ మామూలేనమ్మా, అరవై ఫారాలని ఎవరు తవ్వి చూస్తారు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు.

"నాకు తెలుసు కద సార్," అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత నాతో అంది. "పా."

"ఏడికి?"

"మీ మేనత్త ఊరికి. నువ్వు గూడ రావాలె. కథలు చెప్పొద్దు. ఒక్కటే మాట చెప్పాలె."

ఆ ఒక్క మాట ఏమిటో మొదటి గడపలోనే తెలిసింది. ఆమె ఫారం తీసే ముందు నేను, "మీ పేరు మీద నేనే రాసిన, మీరు లేనప్పుడు" అని చెప్పాలి. అరవై గడపల్లో చెప్పాలి. చిన్నప్పటి నుంచి ఎరిగిన ఊరు. లస్మయ్య పటేలు గడ్డం గోక్కుంటూ విన్నాడు.

"నా పేరు మీద ఏం రాసినవురా?"

"ఏడు వేల ఐదు వందల ఎనభై వచ్చేదాక అమ్మవని రాసిన."

"గంత మొండోన్నా నేను?"

"అవును గద పటేలా."

"మొన్ననే అమ్మిన. ఆరు వేల తొమ్మిది వందలకు. మా ఇంటామె అగ్గికి భయపడ్డది. వంటింటి పక్కనే కుప్ప వోసినం." ఆమె వైపు తిరిగాడు. "రాస్కో బిడ్డా. గీన్ని నమ్మకు."

"నమ్మితినే పటేలా. ఒక్కసారి," అంది ఆమె, రాసుకుంటూనే.

ఇంకో ఇంట్లో ఒక ముసలవ్వ నేను తన పేరు మీద రాసింది చదివించుకుని విని, అదే బాగుందని, అలాగే ఉంచమని పట్టుబట్టింది. తను జీవితంలో అంత తెలివిగా ఎప్పుడూ అమ్మలేదట. నేను ఆశగా టీచరమ్మ వైపు చూశాను. ఆమె వినిపించుకోలేదు.

పత్తి ఏరే కైకిలి కూలి పనులు ఇంకా నడుస్తున్నాయి. మనుషులు దొరికేసరికి చీకటి పడేది. తాళమున్న ఇంటికి మళ్ళీ మళ్ళీ పోయాం. గడువు దగ్గరపడేసరికి ముప్పై తొమ్మిది అయ్యాయి. ఇరవై ఒకటి మిగిలిపోయాయి. నేను నింపుతానని అనలేదు. ఆమె నా ముఖంలో ఏం చూసిందో, ఖాళీ ఫారాలు తన సంచిలోకి మార్చుకుంది.

కొత్త అంకెలతో లెక్క వేస్తే నక్షత్రాలు రాలేదు. రైతు అనుకునేదానికి, చేసేదానికి మధ్య గట్టిగా చెప్పదగిన సంబంధమేదీ ఈ లెక్కలో తేలలేదని థీసిస్‌లో రాసుకుంది. రెండేళ్ళు, ఉద్యోగం, ఒక చలికాలం. చివరికి తేలింది అది. డిగ్రీ అయితే వచ్చింది కానీ, పీహెచ్‌డీ సీటు ఇంకెవరికో పోయిందని తర్వాత తెలిసింది. నిర్మల్‌లో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతోందని ఖాజాభాయ్ అంటాడు. ఎట్ల ఎరుక అని నేను అడగలేదు.

ప్రింటుకు పెన్‌డ్రైవ్ తెచ్చిన రోజు ఆమె నా వెనకే నిలబడింది. ఆ పట్టిక నా కంప్యూటరు మీద తెరుచుకుంది. పక్కనంతా ఖాళీ.

"ఒక్కటి పెడుదామా టీచరమ్మా? కీబోర్డు మీద నక్షత్రం ఊకెనే పడున్నది."

"ప్రింట్ కొట్టు అన్నా."

కొట్టాను. ఒక్కో కాగితం బయటికి రాగానే తీసి, చూసి, పక్కన పెట్టింది. కృతజ్ఞతల పేజీ వచ్చింది. నాకొచ్చిన ఇంగ్లీషుతో చదివాను. వాళ్ళ బాపు ఉన్నాడు. లస్మయ్య పటేలు ఉన్నాడు. చాయ్ పోసినందుకు ఖాజాభాయ్ కూడా ఉన్నాడు. నేను లేను. నలభై ఒకటో పేజీలో ఎన్యూమరేటరుగా, అంటే ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపేవాడిగా, దొరికాను. ఐదో ఊరి నుంచి ఒక ఎన్యూమరేటరు తెచ్చిన అరవై ఫారాలు ఆయన స్వయంగా నింపినవి. ఆ రోజు ఊళ్ళో ఎవరూ లేరు. వాటిని తీసేశాం. అంతే. మూడు వాక్యాలు. నా గురించి ఇంతవరకు ఎవరు చెప్పినా, నేను చెప్పుకున్నా, కాస్త ఎక్కువో తక్కువో ఉంటుంది. ఇందులో లేదు.

"పేరెందుకు రాయలే?" అన్నాను.

"రాస్తె ఊరంత చూపించుకుంట తిరుగుతవు."

నిజమే, తిరిగేవాణ్ణి. అరవై ఫారాలు నా బల్ల మీద పెట్టి, "ఇవి నీవి" అని చెప్పి, ఐదు ప్రతులు బైండింగుకు వదిలి వెళ్ళింది.

బైండింగు చేసేవాళ్ళకు తెలిసిన చిన్న విద్య ఒకటుంది. జిగురు పూర్తిగా ఆరకముందు పుస్తకాన్ని ఏ పేజీ దగ్గర విప్పి, వెన్ను మీద గట్టిగా నొక్కి ఉంచితే, ఆ తర్వాత ఎవరు తెరిచినా అది అక్కడే తెరుచుకుంటుంది. ఆ సాయంత్రం షాపు మూసేదాకా ఐదు ప్రతులనూ ఒకదాని తర్వాత ఒకటి నలభై ఒకటో పేజీ దగ్గర విప్పి, మోచేత్తో నొక్కి పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున వచ్చింది. అట్టలు చూసింది, బంగారు అక్షరాలు గోటితో గీకి చూసింది. ఒకటి తీసి మధ్యలో తెరిచింది. మూసి మళ్ళీ తెరిచింది, అదే నలభై ఒకటో పేజీ. రెండోది తెరిచింది. మూడోది తెరిచింది. నా వైపు చూసింది. నేను జిరాక్సు మిషన్‌లో కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

మిగిలిన రెండూ తెరవకుండానే సంచిలో పెట్టుకుని బస్సుకు పోయింది.